చెరిపిన చోటు

ఆ వేసవి మా కొండకి ఒక బొమ్మలాయన వచ్చాడు.
గొడుగూ, మడత పీటా, అట్టల పుస్తకమూ,
చెవి సందున పెన్సిలూ.
పేరు ఆసహెల్ విట్‌కమ్. ఊరు బోస్టన్.
పీట మోసినందుకు మా తమ్ముడు జీనస్‌కి రోజుకి మూడు సెంట్లు.
నాకు పదకొండేళ్ళు.
మెహిటబుల్ అని నన్ను పూర్తిగా పిలిచినవాడు ఆయనొక్కడే,
ఇంట్లో నేను హిట్టీని.

మొదట కొండ అంచు గీశాడు,
పడుకున్న ఆవు వెన్నులా ఒకే గీత, చెయ్యెత్తకుండా.
తరవాత పెన్సిల్ని పక్కకి వాల్చి
పిండి జల్లించినంత మెత్తగా నీడలు పరిచాడు.
స్ప్రూస్ చెట్లకి ముల్లు ముల్లుగా గీతలు.
వాగుకి మాత్రం ఏమీ లేదు.
నీళ్ళంటే ముట్టుకోకుండా వదిలేసిన కాగితమే!
అది చూసి నా గుండె ఝల్లుమంది.
ఆకాశం మీద చీమలంత అక్షరాలు:
"ఇక్కడ పలచటి పసుపు."
"ఇక్కడ పావురం మెడ."
చలికాలం గదిలో కూచుని రంగులు వేసేటప్పుడు
ఆ మాటలే సాయంత్రాన్ని మళ్ళీ తెస్తాయట.

మా పొలం కూడా వచ్చింది అందులో, మొదట.
నాలుగు చలికాలాలు నాన్న నరికిన చెట్ల మొద్దులు
ముప్ఫై ఒకటి. నాకు లెక్క తెలుసు,
వాటి చుట్టూ తిరుగుతూ బఠానీలు నాటింది నేనే కదా.
వాగు పక్క పెద్ద మొద్దు మీద నాన్న,
బూటు విప్పి,
మంచు తినేసిన రెండు వేళ్ళ చోటు రుద్దుకుంటూ.
గోరంత బొమ్మ.
అయినా ఆ వంగడం నాన్నదే.

మూడో రోజు ఆయన రబ్బరు ముక్క వాగులో పడిపోయింది.
"ఇంట్లో రొట్టె ఉందా? లోపలి మెత్తన చాలు."
ఆకలేమో అనుకున్నాను.
అమ్మ శనివారం కాల్చిన రై రొట్టె
అంచు కోయకుండా తెచ్చిచ్చాను.
ఆయన దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఉండ చేసి,
మా మొద్దుల మీద రుద్దాడు.
ఒక్కొక్కటీ లేచిపోయింది,
ఎద్దులు కట్టి లాగినా కదలనివి.

"బోస్టన్‌లో మొద్దులు ఎవరూ కొనరమ్మా," అన్నాడు,
రేపు వాన పడుతుంది అన్నట్టు.
నాన్నని కూడా తుడిచాడు.
ఆ చోట ఒక లేడిని నిలబెట్టాడు, మెడ తిప్పి చూస్తున్నట్టు.
ఉఫ్ అని ఊదితే నల్లబడ్డ రొట్టె పొడి గడ్డిలో పడింది.
జీనస్ ఏరుకుని తిన్నాడు.

వెళ్ళేటప్పుడు రొట్టె ఖరీదుకి
బొటనవేలంత పెన్సిల్ ముక్క నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి పెటింగిల్ దుకాణం బిల్లు వెనక్కి తిప్పి
పొయ్యి వెలుగులో మొద్దులు గీశాను.
గుండ్రం వస్తే చాలు, మొద్దు అయిపోయేది.
నాన్నకి పాదాలు మరీ పెద్దవి వచ్చాయి.
ఆయన చాలాసేపు చూసి,
"ముప్ఫై రెండు," అన్నాడు. "గోతి పక్కది మరిచావు."
అదీ గీశాను.

ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి.
పక్కవాళ్ళంతా ఒహాయో వైపు బండ్లు కట్టారు.
మొద్దులు పుచ్చి మట్టయ్యాయి,
బఠానీ చాళ్ళలో బిర్చి మొలిచి, దాని నీడలో స్ప్రూస్ లేచింది.
నిరుడు రైలు దిగి వచ్చిన ఒకావిడ
"మనిషి అడుగు పడని అడవి!" అంది,
మా రాతి గోడ మీద కూచుని.

ఆయన గీసినట్టే అయింది కొండ.
మొన్న తెల్లవారి లేడి కూడా వచ్చింది,
సరిగ్గా ఆ చోటికే.
నేను తలుపు దగ్గర నిలబడి దాన్ని తోలలేదు,
పిలవలేదు.

బిల్లు నా దగ్గరే ఉంది, మడత దగ్గర చిరిగి.
వెనక వైపు ముప్ఫై రెండు మొద్దులు, ఒక పెద్ద పాదాల మనిషి.
ముందు వైపు మేకుల తాలూకు బాకీ,
పదకొండు సెంట్లు,
ఎవరూ చెరపలేదు.